డబ్బాకు రెండు ఈగలు

తోట ఇల్లు
ఎండలు ముదిరిన వారం

మరదలు పిల్లకు,

నువ్వు క్షేమంగానే ఉండి ఉంటావు. బాగాలేకపోతే నీకు వదిన గుర్తొస్తుంది, బాగుంటే రాదు. ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. రేవులో పండ్లు కోసి చూసే ఉద్యోగం వచ్చాక నీ కత్తి పదునెక్కినట్టుంది, కలం మాత్రం మొండిదైంది.

ఇక్కడి సంగతి చెబుతాను, కూర్చుని చదువు. మొన్న మీ బాబాయి వచ్చి తోటను నర్సరీ ఆయనకు కౌలుకిచ్చేద్దామన్నారు. మీ అన్నయ్య పోయాక రెండు శీతాకాలాలూ మన జామపండ్లు పురుగుందని రేవు నుంచి వెనక్కొచ్చాయి కదా, ఆయన చేతికి అదొక్కటి చాలు. "నాలుగు వందల చెట్లతో ఒంటి ఆడదానివి ఏం వేగుతావమ్మా" అన్నారు. అరవలేదు, కసరలేదు, చాలా ప్రేమగా అన్నారు. అందుకే ఒళ్ళు మండింది. ఒక్క కాపు అడిగాను. ఈ శీతాకాలం పండు ఓడెక్కితే తోట నా చేతిలోనే ఉంటుంది. ఎక్కకపోతే నోరెత్తకుండా తాళాలిచ్చి వెళ్ళిపోతాను. అందరి ముందూ అన్న మాట ఇది. అన్నాక వంటింట్లోకెళ్ళి అరగంట గోడకానుకుని నిలబడ్డాను.

వానాకాలం కాపు వదిలేస్తున్నాను. ఇప్పుడొచ్చిన పూతంతా దులిపించేస్తున్నాం. వానల్లో చెట్టు మీద పండే లేకపోతే ఈగ ఎక్కడ గుడ్లు పెడుతుందో నేనూ చూస్తాను. పద్నాలుగేళ్ళుగా మన దగ్గర రాలిన కాయలు ఏరే గంపమ్మ కూడా పూత దులపడానికి దిగింది. నెత్తిన గంప దించకుండానే దులుపుతోంది, చూడాలి ఆ తల్లిని.

మిగతాది నువ్వు చెప్పు. ఈగ సంగతి నీకు తెలిసినంత నాకు తెలియదు. నువ్వేం చెబితే అది చేస్తాను, ఒక్క అక్షరం తప్పను.

నీ వదిన

*

రేవు, తనిఖీ కేంద్రం వెనక గది

వదినకు,

నా కలం మొండిదే. నీ నాలుక మాత్రం ఎప్పటిలాగే ఉంది, సంతోషం.

బాబాయి మాటలకు నాకూ మండింది. పూత దులపడం మంచి పని. కానీ చుట్టుపక్కల తోటలన్నీ దులపవు కాబట్టి ఈగ పూర్తిగా పోదు. అది పండును సూదిలా పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. పురుగు లోపలే పెరిగి, పండుతోపాటు రాలి, మట్టిలోకి దిగి, మళ్ళీ ఈగై లేస్తుంది. అందుకని రాలిన ప్రతి కాయనూ ఆ సాయంత్రానికే ఏరించి రెండడుగుల గోతిలో పూడ్పించు. పైపైన మట్టి చల్లితే వాటికి దుప్పటి కప్పినట్టే.

రెండోది ఎర డబ్బాలు. దీంతోపాటు నలభై పంపుతున్నాను. లోపలుండే చెక్కముక్కకు మందు పట్టించి ఉంది. ఆ వాసనకు మగ ఈగలొచ్చి చస్తాయి. మగవి లేకపోతే ఆడవాటి గుడ్లలోంచి పురుగు రాదు. పది చెట్లకొకటి, మనిషి ఎత్తులో, నీడపట్టున కట్టించు. వారానికోసారి లెక్కపెట్టు. డబ్బాకు అయిదు దాటితే కాయలన్నిటికీ కాగితం సంచులు కట్టించాలి. అయిదు లోపుంటే ఆ శ్రమ అక్కర్లేదు.

ఇవి మా స్టోర్లో మిగిలినవి. ఎక్కడివని ఎవరైనా అడిగితే కొన్నానని చెప్పు.

ఈసారి పండు ఓడెక్కుతుంది. రాసిపెట్టుకో.

నీ మరదలు

*

తోట ఇల్లు
వానలు పట్టుకున్నాయి

ఆఫీసరమ్మకు,

నీ డబ్బాలు వేలాడుతున్నాయి. చెట్లకు చెవి జూకాలు పెట్టినట్టుందని గంపమ్మ మురిసిపోతోంది.

ప్రతి సోమవారం వరండాలో పాత పేపరు పరిచి, ఒక్కో డబ్బా బోర్లించి, జడపిన్నుతో ఈగల్ని పక్కకు జరుపుతూ లెక్కపెడుతున్నాను. పోయిన జన్మలో జనాభా లెక్కల ఉద్యోగం చేసి ఉంటాను. మొదటి వారం డబ్బాకు ఇరవై రెండు. రెండో వారం పదకొండు. నిన్న నాలుగు! నలభై డబ్బాలూ రెండుసార్లు చూశాను, నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక.

కొత్త పూత విరగబూసింది. ఇదే మన శీతాకాలం పండు. గంపమ్మ గోతులు తవ్వుతోంటే ఇంత లోతెందుకమ్మా అని పనివాళ్ళు నవ్వుతున్నారు. మోకాలు దిగకపోతే నాకు నిద్ర పట్టదని అందట.

రెండేళ్ళయింది నేనిలా నవ్వుతూ ఉత్తరం రాసి. నీ పుణ్యమే.

వదిన

*

రేవు

వదినకు,

నీ లెక్కలు మా పెద్దాఫీసరుకు చూపించాను. "మీ వదినగారు చదువుకున్నారా" అని అడిగారు. మాకందరికీ చదువు చెప్పింది ఆవిడేనన్నాను. ఇరవై రెండు, పదకొండు, నాలుగు అని బోర్డు మీద రాయించి, మిగతా రైతులకు చూపిస్తున్నారు. మన తోట నంబరు ఈ ఏటి ఎగుమతి జాబితాలో ఎక్కింది. నంబరుంటేనే బయటి దేశాల వాళ్ళు కొంటారని నీకు తెలుసు కదా. రెండేళ్ళ మచ్చ ఉన్న తోట ఎక్కడం మామూలు సంగతి కాదు. నేను హామీగా సంతకం పెట్టాను.

ఇంకో మాట, బయట అనకు. నన్ను పర్మనెంట్ చేసే కాగితం ఆయన బల్ల మీదికొచ్చింది. ఏడేళ్ళుగా ఏడాదికోసారి ఉంచుతారా తీసేస్తారా అని బిక్కుబిక్కుమంటూ బతికాను. ఈసారి అవుతుందేమో.

నీ మరదలు

*

తోట ఇల్లు
వానలు వెనకపట్టు

మరదలు పిల్లకు,

ఈ వారం డబ్బాకు రెండు ఈగలు. రెండంటే రెండు. మూడు డబ్బాలు ఖాళీ.

ఒక తమాషా చెబుతాను. మన కంచె అవతల మాస్టారు తెలుసు కదా, రిటైరై తోట వేసుకుని, ఆ చెట్లకు కూడా పాఠాలు చెప్పే మనిషి. ఆయన ఖాళీ నీళ్ళ సీసాలకు రంధ్రాలు పెట్టి, బజార్లో మందు కొని, తనే ఎరలు చేసి కట్టాడు. నిన్న కంచె దగ్గరికి పిలిచి ఒక సీసా ఎత్తి చూపించాడు. సగానికి ఈగలు! నూట అరవై దాకా ఉంటాయట. అక్కణ్ణుంచి పది అడుగుల్లో మన డబ్బా ఉంది, అందులో ఒక్కటి. "ఇదెలాగమ్మా?" అంటాడు. మీ పాఠాలు వినడానికి వచ్చుంటాయి మాస్టారూ అన్నాను. నవ్వలేదు. మీ డబ్బాలో మందు సరిగ్గా ఉందో లేదో కనుక్కో అన్నాడు. మా మరదలు రేవు ఆఫీసులో పండ్లు కోసే మనిషి, ఆవిడ పంపిందని గొప్పగా చెప్పాను. కొన్నానని చెప్పమన్నావు, నోరు జారాను. ఆయన ఎవరికీ చెప్పడులే.

ఆయన కాయలకు కాగితం సంచులు కట్టిస్తున్నాడు. మనకు అక్కర్లేదు కదా?

వదిన

*

రేవు

వదినకు,

పని ఒత్తిడిలో ఉన్నాను, పొడిగా రాస్తున్నందుకు ఏమనుకోకు.

మాస్టారి తోటలో వానాకాలం కాపు ఉంది కాబట్టి అక్కడ ఈగ ఎక్కువ. దానికీ దీనికీ పోలిక పెట్టకు. అయినా తీరికుంటే కాయలకు సంచులు కట్టించు, నష్టం లేదు. డబ్బాల్లో చెక్కముక్కలు మార్చే వేళయింది. వీలైతే ఈసారి బజార్లో కొను.

నన్ను పర్మనెంట్ చేశారు.

నీ మరదలు

*

తోట ఇల్లు
చలి మొదలైంది

పర్మనెంట్ ఆఫీసరమ్మకు,

ఇంత మంచి కబురు అట్టడుగున ఒక్క ముక్కలో రాస్తావా? మీ అన్నయ్యే ఉంటే ఊరంతా చాటింపు వేసేవాడు. నేను గంపమ్మకూ మాస్టారికీ చెప్పి, వాళ్ళు వింటున్నారో లేదో చూడకుండా మళ్ళీ చెప్పాను. ఏడేళ్ళ నీ దిగులు తీరింది. ఇక నాది తీరాలి.

సంచులు కట్టించలేదు. తీరికుంటే అన్నావు, నాకు తీరిక లేదు. నాలుగు వందల చెట్లకు కట్టాలంటే పదిహేను మంది, పది రోజులు. డబ్బాకు రెండు ఈగలున్న తోటకు ఎందుకా హడావుడి? చెక్కముక్కలు కొనలేదు కూడా. నువ్వు డబ్బాలతోపాటు పంపిన చెక్కముక్కల్లో విప్పని పాకెట్లు కొన్నున్నాయి, కంచె పక్క వరసలకు అవే వేశాను.

గంపమ్మే కాస్త విసిగిస్తోంది. మొన్న రాలిన కాయను నా ముందు చిదిమి, "పురుగుందమ్మా, చూడండి" అంది. చూశాను, ఉంది. కంచె పక్క చెట్టుదిలే, మాస్టారి తోట నుంచి వచ్చిందన్నాను. మర్నాడు నడిమి వరసలోది తెచ్చింది. నలభై డబ్బాలు ఒక మాట చెబుతుంటే నువ్వొక్కదానివి ఒక మాట చెబుతావేం అని కసిరాను. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఈ మధ్య దానికి చాదస్తం ఎక్కువైంది.

కాయ ఎంత నున్నగా ఉందో! మీ బాబాయి వచ్చి రెండు తిని, బాగున్నాయనడానికి నోరు రాక, గింజలు ఎక్కువన్నారు. వచ్చే వారం కోత. మన పెట్టెలు నీ బల్ల మీదికి వస్తాయా? వస్తే నీ చేత్తోనే కొయ్యి.

వదిన

*

రేవు

వదినకు,

ఎలా రాయాలో తెలియడం లేదు. టెలిగ్రామ్ ఇస్తే నువ్వు ఇంకా భయపడతావని ఉత్తరమే రాస్తున్నాను.

బంధువుల సరుకు మేం కోయకూడదు. మన పెట్టెలు పక్క బల్ల మీద కోశారు. మొదటి రెండు పెట్టెల్లో ఏమీ లేదు. మూడో పెట్టెలో ఏడో పండు. కోసిన అమ్మాయి కత్తి కింద పెట్టి నా వైపు చూసింది. తర్వాత పెట్టెకు రెండు మూడు చొప్పున బయటపడ్డాయి. సరుకంతా ఆపేశారు. తోట నంబరు రెండేళ్ళపాటు కొట్టేశారు.

అంత తక్కువ లెక్కలున్న తోటలో ఇదెలా జరిగిందని అందరూ అడుగుతున్నారు. రాలిన కాయలు పూడ్చడంలో ఎక్కడైనా లోటు జరిగిందేమో. నాకు తెలియదు.

ఒంట్లో జాగ్రత్త.

నీ మరదలు

*

తోట ఇల్లు

మరదలికి,

నీ ఉత్తరం కన్నా ముందే లారీ వెనక్కొచ్చింది. పెట్టెలు దించలేదు. అలాగే రసం ఫ్యాక్టరీకి పంపేశాను, వాళ్ళు పురుగును చూడరు.

లోటు ఎక్కడ జరిగిందో నాకు తెలిసింది. నువ్వు రాసింది చదివిన సాయంత్రమే పార తీసుకుని వెళ్ళి గంపమ్మ పూడ్చిన గోతులు నేనే తవ్వాను. మూడు తవ్వాను. మూడూ లోతుగానే ఉన్నాయి. నాలుగోది కాలువ గట్టు దగ్గర, అక్కడ కాయలు పైనే ఉన్నాయి, వానకు మట్టి కొట్టుకుపోయిందో, అసలు వెయ్యలేదో. నాకదొక్కటి చాలింది.

గంపమ్మను పనివాళ్ళందరి ముందూ నిలబెట్టి అడిగాను. పద్నాలుగేళ్ళ మనిషివి, పూడ్చలేనంటే ఇంకొకళ్ళను పెట్టుకునేదాన్ని కదా, నా కొంప ఎందుకు ముంచావన్నాను. "పూడ్చానమ్మా" అంది. అదొక్క మాటే అంది. ఏడిస్తే ఆపేద్దును, తిరగబడి తిట్టినా ఆపేద్దును. అలా నిలబడి చూస్తుంటే నాకింకా పిచ్చి కోపం వచ్చింది. గుమ్మం దాటి పొమ్మన్నాను. గంప కూడా ఇక్కడే వదిలేసి పోయింది, అది మన గంపే కదా.

మీ బాబాయి వచ్చారు. తలుపు దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డారు. తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. నెలాఖరు దాకా ఉండమన్నారు. నర్సరీ ఆయనకు చెట్లు అక్కర్లేదట, నేల కావాలట.

నీ తప్పేం లేదు. నువ్వు సంతకం పెట్టావు, నీకేమైనా మాట వచ్చిందా? అదొక్కటే నా బెంగ.

వదిన

*

రేవు

వదినా,

గంపమ్మను వెనక్కి పిలు. ముందు ఆ పని చేసి, తర్వాత చదువు.

నేను పంపిన డబ్బాలు స్టోర్లో మిగిలినవి కావు, పారేయమని పక్కన పెట్టినవి. ఎండాకాలం చల్లగది చెడిపోయి, మందు పాకెట్లలోనే ఆవిరైపోయింది. విప్పి చూస్తే ఇంకా ఘాటుగా వాసన వచ్చింది. ఊరికే పోతాయి, వదినకైనా పనికొస్తాయని ఎవరికీ చెప్పకుండా కట్టి పంపాను. మొదట్లో కాస్త పనిచేశాయి. తర్వాత ఈగలు తగ్గలేదు వదినా, డబ్బాలోకి రావడం మానేశాయి. మనం ఖాళీ డబ్బాలు చూసి సంతోషించాం.

మాస్టారి సీసా సంగతి నువ్వు రాసిన రోజే నాకు అనుమానం వచ్చింది. ఇక్కడ పరీక్ష తోటలో అదే రకం పాకెట్ ఒకటి కట్టి చూశాను. వారానికి సున్నా. అప్పటికింకా నీకు ఇరవై రోజుల సమయముంది. సంచులు కట్టిస్తే తోట బతికేది. "కట్టించు, లేకపోతే మునిగిపోతావు" అని రాయాలి. రాశాను కూడా. చించేశాను. ఎందుకని నువ్వు అడిగితే డబ్బాల సంగతి చెప్పాలి. చెబితే స్టోర్లో పాకెట్లు ఎవరు తీశారన్నది బయటపడుతుంది. ఆ వారమే నా కాగితం మీద సంతకం పడింది, ఇంకా తడి ఆరలేదు. అందుకని "తీరికుంటే" అని రాశాను. ఆ మాట ఏరి ఏరి రాశాను వదినా. నువ్వు కట్టిస్తే కట్టిస్తావు, లేకపోతే నేను చెప్పాననైనా ఉంటుందని.

పండు కోసిన రోజైనా చెప్పాల్సింది. పూడ్చడంలో లోటు అని రాశాను. అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో రాసేటప్పుడే నాకు తెలుసు.

నన్ను ఏమన్నా పడతాను. ఒక్కటే అడుగుతున్నాను, అడిగే మొహం లేకపోయినా. ఈ ఉత్తరం బాబాయికి చూపించకు. ఆఫీసు దాకా వస్తే నా ఉద్యోగం ఉండదు.

మరదలు

*

తోట ఇల్లు
నెలాఖరు

నీకు,

ఉత్తరం అందింది. మూడు రోజులు దాన్ని డబ్బాల పక్కన పెట్టి తిరిగాను.

మీ బాబాయికి చూపించలేదు. నీ మీద జాలిపడి కాదు. చూపించినా నంబరు తిరిగి రాదు, పురుగు ఎవరి తప్పు వల్ల వచ్చినా పురుగే. నిన్న మొదటి వరస నరికేశారు. నీ ఉద్యోగం నువ్వు చేసుకో. రోజూ ఎవరో ఒకళ్ళ పండు నీ ముందుకు వస్తుంది, కోసి చూసి నిజం రాయి. అది చేతనవుతుంది కదా నీకు.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. నాకు మాటలకు కరువు లేదని నీకు తెలుసు. ఒక్కటీ రాలేదు. నువ్వు నాకు చేసింది నేను గంపమ్మకు చేశాను. కాకపోతే నువ్వు గదిలో కూర్చుని, ఏరిన మాటలతో చేశావు, నేను పదిమందిలో నోరు పారేసుకుని చేశాను. నిన్ను తిట్టే హక్కు కూడా లేకుండా చేశావు. అందుకు నేను నిన్ను క్షమించను.

ఎవరికీ చూపించవద్దన్నావు. ఒకళ్ళకు చూపించాను. నిన్న పొద్దున్నే గంపమ్మ ఇంటికి వెళ్ళాను. పద్నాలుగేళ్ళలో ఆ ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి, దారి అడగాల్సి వచ్చింది. రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషను మీద వాళ్ళ కోడలు పనిచేసుకుంటోంది. గంపమ్మ నాకు కుర్చీ వేసి, తను గడప మీద కూర్చుంది. దానికి చదువు రాదు కాబట్టి నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. నీ ఉద్యోగం ముక్క కూడా చదివాను. కోడలు మిషను ఆపింది. చదవడం అయ్యాక, తప్పు నాది, పనిలోకి రమ్మనడానికి తోట లేదు, మాటైనా వెనక్కి తీసుకుందామని వచ్చానన్నాను.

గంపమ్మ కాగితాన్ని ఇటివ్వమని చెయ్యి చాచి, తిరగేసి మరగేసి చూసి, మడతపెట్టి నా ఒళ్ళో పెట్టింది. కోపంగా అనలేదు, మామూలుగా అంది.

"పండు చిదిమి చూపించాను, నమ్మలేదు. పూడ్చానని చెప్పాను, నమ్మలేదు. ఈ కాగితం చెప్పింది కాబట్టి నమ్ముతున్నారు. ఇప్పుడైనా మీరు నమ్మింది ఆవిణ్ణే కదమ్మా, నన్ను కాదు కదా."

ఆ మడత చేత్తో పట్టుకుని లేచి వచ్చేశాను. వెనకాల మిషను మళ్ళీ మొదలైంది.

ఎల్లుండి మా అక్క వాళ్ళ ఊరు వెళ్తున్నాను. అడ్రసు ఇవ్వడం లేదు. నువ్వు ఏం రాసినా ఇక నేను దాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోలేను, నీకూ శ్రమ, నాకూ శ్రమ.